టీవీకి వీపు పెట్టి కూర్చున్న సత్తమ్మ

2023 వానాకాలం. ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి కాస్త లోపలికి, మెట్రో రైలు పోతుంటే కిటికీ అద్దాలు సన్నగా వణికేంత దూరంలో ఒక అపార్ట్‌మెంట్. అందులో మూడో అంతస్తులో ఉండే సత్తమ్మ గారికి మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా డ్యూటీ నర్సుగా నన్ను వేశారు. అప్పటికి నేను మలక్‌పేట వైపు ఆస్పత్రి ఉద్యోగం మానేసి, హోమ్ కేర్‌లోకి వచ్చి కొన్నేళ్లయింది. హోమ్ కేర్ అంటే రోగి ఆస్పత్రికి రాలేకపోతే ఆస్పత్రే చిన్నదై రోగి ఇంటికి నడిచి వెళ్లడం. నాగోల్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, బీపీ మిషనూ మందుల డబ్బా ఉన్న సంచీతో మెట్లెక్కేదాన్ని.

ఈ పనిలో ఓ చిక్కుంది. జనం పాలప్యాకెట్ తెప్పించుకున్నట్టు ఫోన్లో నర్సును తెప్పించుకుంటారు. వచ్చాక "సిస్టర్, ఖాళీగానే ఉన్నారుగా, ఈ చిక్కుడుకాయలు కాస్త ఒలుస్తారా" అంటారు. నాకు నోరు కొంచెం ఎక్కువ. చిక్కుడుకాయలు అడిగిన ఇళ్లలో నేను ఎక్కువ రోజులు నిలవలేదు. ఈ ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక కూడా వాళ్లకు మిగల్లేదని మొదటిరోజే అర్థమైంది.

సత్తమ్మ గారిది నల్లగొండ దగ్గర పల్లె. భర్త బస్సు డిపోలో మెకానిక్. పెళ్లయిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక గల్లీలో రెండర్రల కిరాయి ఇంట్లో కాపురం పెట్టి, అక్కడే పాతికేళ్లకు పైగా ఉన్నారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు శ్రీనివాస్, ఇంట్లో అందరికీ శీను. మోటారు విడిభాగాల దుకాణం నడుపుతాడు. కోడలు మాధవిది తెనాలి వైపు. ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది, పొద్దున బ్యాచ్‌లకు పోయి మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. సత్తమ్మకు డిమెన్షియా. అంటే మనం మాటవరసకు మతిమరుపు అనేది ముదిరి జబ్బుగా మారడం.

నన్ను చూడగానే ఆమె మొదట చూసింది నా కాళ్లవైపు. మేం రోగి ఇంట్లో వేసుకోవడానికి విడిగా తెల్ల చెప్పులు తెచ్చుకుంటాం. శుభ్రత కోసం అది మా నియమం.

"ఎవలమ్మా నువ్వు? ఇంట్ల చెప్పులేస్కొని తిరుగుతున్నవ్."

"నర్సునమ్మా. ఇవి బయటివి కావు, ఇంట్లో వేసుకునేవే."

"ఏవైతే ఏంది. చెప్పులిడ్వనోళ్లు ఉండనీకి రారు. పోనీకొస్తరు."

సరదా మనిషే అనుకున్నాను. సాయంత్రం అయ్యేదాకా అలాగే అనుకున్నాను.

పొద్దు వాలి కిటికీలో వెలుగు పసుపు రంగు తిరగగానే ఆమె మంచం దిగింది. బీరువాలోంచి దుప్పట్లు లాగి హాల్లో నేల మీద పరిచింది. కాళ్లతో అంచులు సరిచేసింది. వంటింట్లోంచి బిందె తెచ్చి గోడవార పెట్టి, పక్కన గ్లాసు బోర్లించింది. ఆ తర్వాత వెళ్లి వీధి తలుపు తెరిచింది. ఆ తలుపు అవతల ఇనప గ్రిల్ ఉంది, దానికి తాళం ఉంది. ఆ తాళం చూసి ఆమె మొహంలో కంగారు మొదలైంది.

"గిదేంది, తలుపు పెట్టిన్రు? అందరొచ్చే టైమైంది. రండ్రి, షురూ అయితది, రండ్రి" అని ఖాళీ కారిడార్లోకి కేకలు. ఎవరూ రారు. కాసేపటికి గ్రిల్ పట్టుకుని ఊపడం, తర్వాత అరచేతులతో కొట్టడం. అవి కందిపోయి ఎర్రబడేవి. "నా మీద అలిగిన్రా? నేనేమన్నగని?" అని ఏడుపు. అది వింటుంటే పక్కవాళ్లకు చిరాకు, ఇంట్లోవాళ్లకు నరకం.

దీన్ని మా భాషలో సన్‌డౌనింగ్ అంటారు. ఈ జబ్బున్నవాళ్లలో కొందరికి పగలంతా బాగానే ఉండి, పొద్దు వాలేసరికి మనసు చెదిరిపోతుంది. ఇంట్లోనే ఉండి ఇంటికి పోతానంటారు, చచ్చిపోయిన అమ్మకోసం వెతుకుతారు. వాదిస్తే ఇంకా పెరుగుతుంది. "లేదమ్మా, అది నలభై ఏళ్ల కిందటి మాట" అని చెప్పడం వాళ్ల కాళ్ల కింద నేల లాగేయడంతో సమానం.

తాళం వేయడానికి కారణం ఉంది. నేను చేరక ముందు ఒకనాడు ఆమె ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి, మెయిన్ రోడ్డు దాకా పోయింది. నల్లగొండ వైపు బస్సులు ఆగేచోట నిలబడి, "మా గల్లీవాళ్లు ఎటు పోయిన్రు" అని దిగిన ప్రతివాణ్నీ అడిగింది. బస్సుల మధ్యలోంచి ఒక ఆటో అతను చెయ్యి పట్టి పక్కకు లాగకపోతే ఈ కథ నేను చెప్పాల్సిన పని ఉండేది కాదు.

అప్పట్నుంచి తాళం. తాళం చాలక మత్తు మందు. మనిషిని కట్టేయడం ఒక్కటే కాదు, తలుపు బిగించడం, మందుతో జోకొట్టడం కూడా రిస్ట్రెయింట్ కిందికే వస్తాయని మాకు చదువులో చెప్పారు. ప్రాణం మీదికొస్తే చేయక తప్పదు, అలవాటైతే మాత్రం ఆ మనిషి మిగలదు అని మా ట్యూటర్ అనేది. డాక్టరు డోసు పెంచిన వారంలోనే సత్తమ్మ పొద్దున నిద్రమత్తులో స్నానాల గదిలో పడింది. కనుబొమ పైన నల్లటి దెబ్బ.

ఆ దెబ్బకు నేను మందు రాస్తుంటే శీను గుమ్మంలోనే నిలబడి అన్నాడు. "ఇగ నాతోని కాదు సిస్టర్. దసరా దాంక చూస్త. గిట్లనే ఉంటె ముసలోళ్ల హోంల పెడ్త. ఆడ గేట్లు పెద్దగుంటయ్, చూసెటోళ్లుంటరు."

మాధవి వంటింట్లోంచి వచ్చింది. "ఆవిణ్ణి ఎక్కడో పెట్టి ఇక్కడ మనకి ముద్ద ఎలా దిగుతుందండీ?" అంది. మళ్లీ తనే, "కానీ నాకూ ఓపిక అయిపోయింది సిస్టర్. అబద్ధం చెప్పను" అని కూర్చుండిపోయింది.

ఇద్దర్నీ తప్పుపట్టలేను. చెడ్డవాళ్లున్న ఇంట్లో పని సులువు, కోపం తెచ్చుకుంటే సరిపోతుంది. మంచివాళ్లు అలిసిపోయిన ఇంట్లోనే కష్టం. దసరాలోగా ఆ గ్రిల్ తాళమన్నా తియ్యగలగాలి, లేదంటే ఆమె ఇంకా పెద్ద తాళం వెనక్కి పోతుంది. అప్పట్నుంచి నా ఆలోచనంతా దాని చుట్టే తిరిగింది.

"షురూ అయితది" అంటున్నది దేని గురించో శీనుకు తెలుసు. "టీవీ సిస్టర్. ఆ గల్లీల ఫస్టు టీవీ మాదే" అన్నాడు. మాధవికి వెంటనే ఆలోచన వచ్చింది. వాళ్ల టీవీలో ఇంటర్నెట్ ఉంది. ఢిల్లీ నుంచి వచ్చే ఆ పాత ఛానల్ ప్రసారాలు ఎవరెవరో దాచిపెట్టి అందులో ఎక్కించారు. కార్యక్రమాలు మొదలయ్యే ముందు వచ్చే ఆ సంగీతం, తెర మీద తిరిగి తిరిగి ఒక్కటయ్యే ఆ గుర్తు, తర్వాత రైతుల కార్యక్రమం, వార్తలు, హిందీ పాటలు, అన్నీ వెతికి వరసగా పెట్టింది. పాపం, క్లాసులకు కూడా అంత శ్రద్ధగా తయారై ఉండదు.

సాయంత్రం ఆ సంగీతం మోగింది. సత్తమ్మ ఉలిక్కిపడి లేచింది. మేమిద్దరం మొహాలు చూసుకుని నవ్వుకున్నాం. ఆమె తెరవైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా గ్రిల్ దగ్గరికి పరిగెత్తి, ఊచల్లోంచి రెండు చేతులూ బయటికి చాపింది. "షురూ అయ్యింది. షురూ అయ్యింది, ఒక్కరు గూడ రాలే." అంత ఘోరమైన సాయంత్రం ఆ ఇంట్లో అంతకుముందు లేదు. మాధవి టీవీ ఆపేసి బాల్కనీలోకి పోయి చాలాసేపు రాలేదు.

మర్నాడు దుకాణానికి సెలవు కాబట్టి శీను ఇంట్లో ఉన్నాడు. నేను అతన్ని కూర్చోబెట్టి, ఆ రోజుల్లో సాయంత్రం మీ ఇంట్లో ఏం జరిగేదో మొదట్నుంచీ చెప్పమన్నాను.

అతను చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. చెక్క పెట్టెలో, పక్కకు జరిపే తలుపులున్న నలుపు తెలుపు టీవీ. వాళ్ల నాన్న డిపో నుంచి రాగానే చేతులు కడుక్కుని ఆ తలుపులు జరిపేవాడట. అప్పటికే గల్లీ సగం ఇంట్లో ఉండేది. ముందు రైతుల కార్యక్రమం. ఎరువుల గురించి వినే రైతు ఆ గల్లీలో ఒక్కడూ లేడు, కానీ అందరూ చూసేవాళ్లు. తర్వాత తెలుగు వార్తలు, ఆ తర్వాత ఢిల్లీ. హిందీ వార్తలప్పుడు ఎవరి ముచ్చట్లు వాళ్లవి. లేస్తే మాత్రం జాగా పోతుంది కాబట్టి ఎవరూ లేచేవాళ్లు కాదు. బొమ్మ చెదిరితే నాన్న మిద్దెక్కి యాంటెనా తిప్పేవాడు, శీను కిటికీలో నిలబడి కబురు అందించేవాడు. వచ్చిందా? రాలే. ఇప్పుడు? బొమ్మొచ్చింది, మాట పోయింది. ప్రసారమే ఆగిపోయి, అంతరాయానికి చింతిస్తున్నాం అన్న అట్ట తెర మీద పడితే, దాన్ని కూడా కళ్లార్పకుండా చూసేవాళ్లట.

"మరి అమ్మ ఎక్కడ కూర్చునేది?" అన్నాను.

శీను గుమ్మం వైపు చూశాడు. "అమ్మ టీవీ చూసుడు నేనెప్పుడు చూడలే సిస్టర్. గడపల కూసునేది. టీవీకి వీపు పెట్టి."

"ఎందుకని?"

"చెప్పులు. అందరు పోయేటప్పుడు పిల్లలు ఒకరియి ఒకరు ఏస్కపోయెటోళ్లు. రెండు మూడుసార్లు లొల్లయ్యింది. అప్పట్నుంచి అమ్మనే కాపలా. ఏ జోడు ఎవరిదో అమ్మకు ఎర్కే. లోపలికి తిరిగి సూడకుండనే ఎవరొచ్చిన్రు, ఎవరు రాలే చెప్పేది. ఎవలన్న కడుపుతోటున్నోళ్లొస్తే గోడకు ఆనుకొమ్మనేది. ముసలోళ్లకు మంచం. పిల్లలు ముందల. స్కూలు సారొకాయన వచ్చేది, ఆయనకు మాత్రం కుర్చీ."

అప్పుడైనా నా బుర్ర వెలగాల్సింది. వెలగలేదు. వెలిగించింది ఎదురు ఫ్లాటులో జరిగిన వ్రతం.

ఎదురు ఫ్లాటు ప్రసాదరావు గారిది. ఒంగోలు వైపు వారు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి కార్యదర్శి. కారిడార్లో పాదరక్షలు ఉంచరాదని వాట్సాప్ గ్రూపులో ఫొటోలతో సహా నోటీసులు పెట్టే మనిషి. ఎవరి చెప్పు గుమ్మం దాటి కనబడినా ఆయన ఫోనుకు చిక్కాల్సిందే. వినాయక చవితి దాటాక ఆయనింట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. చుట్టపక్కాలు దిగారు. సొంతింటి వ్రతానికి నోటీసు వర్తించదు కదా, చెప్పులన్నీ కారిడార్లో పరుచుకుని మా గ్రిల్ దాకా వచ్చేశాయి.

ఆ సాయంత్రం సత్తమ్మ యథాప్రకారం దుప్పట్లు పరిచి, బిందె పెట్టి, తలుపు తీసింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆమె గ్రిల్ ఊచల్లోంచి కిందికి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా గడపలో కూర్చుని, కాళ్లు ముడుచుకుని, కొంగు సర్దుకుంది.

"ఒచ్చిన్రు" అంది.

అంతే. తాళం వైపు చూడలేదు, చెయ్యి విసరలేదు. వ్రతం అయిపోయి జనం చెప్పులు వేసుకుని వెళ్లేదాకా అక్కడే కూర్చుని, "పైలం, ఎవల్యి వాళ్లే ఏస్కోండ్రి" అని చెప్పింది. తర్వాత నేను పెట్టిన పెరుగన్నం తిని పడుకుంది.

మర్నాడు మాధవి చెప్పుల స్టాండు మొత్తం ఖాళీ చేసి గుమ్మం ముందు పరిచింది. శీను పాత బూట్లు, ఆమె కాలేజీ నాటి చెప్పులు, నా బయటి చెప్పులు కూడా. సత్తమ్మ చూసింది, కూర్చుంది, ఊరుకుంది. ఇంకో సాయంత్రం కూడా అంతే. మా తెలివికి మేమే మురిసిపోయాం. డాక్టరుకు ఫోన్ చేసి డోసు తగ్గించే మాట అడుగుదామని కూడా అనుకున్నాను.

ఆ తర్వాతి సాయంత్రం ఆమె గడపలో కూర్చున్నాక, ఏమనిపించిందో, వెనక్కి తిరిగి హాల్లోకి చూసింది. దుప్పట్లు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. మళ్లీ చెప్పులవైపు చూసింది. మళ్లీ హాల్లోకి.

"చెప్పులున్నయ్" అంది. "మనుషులేరి?"

మాధవి ఏదో చెప్పబోయింది. సత్తమ్మ వినలేదు. గ్రిల్ కింది సందులోంచి ఒక చెప్పు లోపలికి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. "చెప్పులిడిచి ఏడికి పోయిన్రు అందరు? సచ్చిపోయిన్రా?"

ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? ఆ గల్లీ వాళ్లలో చాలామంది పోయే ఉంటారు. మతి పోయిన మనిషిని మాయచేయడం తేలికనుకున్నాం. ఆమెకు మతి పోయింది గానీ, మనుషులెవరో ఉత్త చెప్పులేవో తెలియకుండా పోలేదు. ఆమె పక్కన నేల మీద చతికిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే ప్రసాదరావు గారు వచ్చారు, మొహం గంటు పెట్టుకుని, చేతిలో ఫోనుతో. "ఏమ్మా మాధవీ, వరసగా మూడు రోజుల్నుంచి చూస్తున్నాను. ఇదేమన్నా చెప్పుల దుకాణమా?"

మాధవి లేచి గ్రిల్ తాళం తీసింది. ఆయన మాట్లాడుతూనే, పుట్టుకతో వచ్చిన అలవాటు కదా, గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టారు. తగువుకొచ్చినా సరే, చెప్పులతో పరాయి ఇంట్లోకి పోం మనం.

సత్తమ్మ తలెత్తింది. కొత్త జోడు. దాని వెనకాల నిజం మనిషి. తెల్ల జుట్టు, కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా. ఒళ్లో చెప్పు కింద పెట్టి, గోడ పట్టుకుని లేచింది.

"సారొచ్చిండు. కుర్చెయ్యుండ్రి."

"అది కాదమ్మా. నేను ఈ చెప్పుల విషయం..."

"చెప్పులు ఏడికి పోవు సార్. నేనున్న గద. కూసో."

ఆయన మాధవిని చూశారు, నన్ను చూశారు. నేను కళ్లతోనే బతిమాలాను. కుర్చీ వచ్చింది. ఆయన కూర్చున్నారు. సత్తమ్మ బిందెలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి ఇచ్చి, గడపలో తన చోటికి పోయింది. మాధవి ఎందుకైనా మంచిదని టీవీ పెట్టింది. నలుపు తెలుపులో ఎవరో హీరోయిన్ చెట్ల మధ్య పాడుకుంటూ పోతోంది.

కాసేపటికి ప్రసాదరావు గారు ఫోను జేబులో పెట్టేశారు. "ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఒక్కణ్ణే గదిలో ఉండేవాణ్ణి" అన్నారు, తెర మీదినుంచి చూపు తిప్పకుండా. "ఇంటివాళ్లకు టీవీ ఉండేది. కిటికీ అవతల నిలబడి చూసేవాణ్ణి. వాళ్లకు తెలుసు నేనున్నానని. ఒక్కనాడూ లోపలికి రమ్మనలేదు."

ఆయన పాటలన్నీ అయ్యేదాకా కూర్చున్నారు. వెళ్లేటప్పుడు సత్తమ్మ ఆయన జోడు వరసలోంచి తీసి తిన్నగా పెట్టింది. చెప్పుల గురించి ఆయన మరి మాట ఎత్తలేదు.

సత్తమ్మ అప్పుడు నావైపు తిరిగింది. "నువ్వేంది, చెప్పులేస్కొనే ఉన్నవ్?" అంది. మొదటిరోజు ఆమె అన్న మాట గుర్తొచ్చింది. నా తెల్ల చెప్పులు విప్పి ఆ వరసలో పెట్టాను. శుభ్రతకు మేజోళ్లు చాల్లే అనుకున్నాను.

మర్నాడు ప్రసాదరావు గారు పిలవకుండానే వచ్చారు, భార్య కామేశ్వరి గారిని వెంటపెట్టుకుని. ఆవిడ వత్తులు చేసుకోవడానికి పత్తి తెచ్చుకున్నారు. ఆ తర్వాత వాచ్‌మన్ భార్య వచ్చింది. ట్యూషన్ నుంచి వచ్చిన పిల్లలు, పొద్దు పోక రెండో అంతస్తు ఆడవాళ్లు. రోజూ జాతర జరిగిందనుకోకండి. కొన్ని రోజులు కామేశ్వరి గారొక్కరే. అయినా ఒక్క జోడు చెప్పులకు ఒక్క మనిషి లోపల ఉంటే సత్తమ్మకు చాలు. గ్రూపులో కార్యదర్శి గారి కొత్త నోటీసు కూడా వచ్చింది. మూడో అంతస్తు కారిడార్‌కు సాయంత్రం వేళ మినహాయింపు.

టీవీ ఎవరూ సరిగ్గా చూసేవాళ్లు కాదు, అది పక్కన మోగుతుండేది. ఒకరోజు ఇంటర్నెట్ ఆగి, తెర మీద చక్రం తిరగడం మొదలైంది. సత్తమ్మ వెనక్కి తిరగకుండానే, "బొమ్మ పోయిందా? ఎవలన్న మిద్దెక్కుండ్రి" అంది. ప్రసాదరావు గారు గంభీరంగా లేచి బాల్కనీలోకి వెళ్లి అక్కణ్నుంచి కేకేశారు, "వచ్చిందా?" హాలంతా ఒక్క గొంతుతో "రాలే" అంది. నవ్వలేక చచ్చాం. కామేశ్వరి గారి వత్తులన్నీ నేలపాలయ్యాయి.

గ్రిల్ తాళం మాధవి మొదట తెరిచి వేలాడదీసింది, తర్వాత తీసి సొరుగులో పడేసింది. గుమ్మం నిండా జనం చెప్పులు ఉండగా సత్తమ్మ గడప దాటి ఎక్కడికీ పోలేదు. కాపలా మనిషి కాపలా వదిలి ఎటు పోతుంది? డాక్టరు నేను రోజూ రాసిపెట్టినవి చూసి, మనిషిని చూసి, మందు కొంచెం కొంచెంగా తగ్గించారు. జబ్బు తగ్గిందని చెప్పను. ఈ జబ్బు తగ్గదు. కోడలి పేరు పోయింది, వేళలు పోయాయి. సాయంత్రం భయం మాత్రం పోయింది.

శీనుకు ఇంకా నమ్మకం కుదరలేదు. "ఎన్ని రోజులొస్తరు సిస్టర్ జనాలు? ఎవల పనులు వాళ్లకుంటయ్" అనేవాడు. అతనికి ఇంకో బాధ ఉంది, బయటికి చెప్పడు గానీ నాకు రోజూ కనబడేది. దుకాణం నుంచి మధ్యలో వచ్చినప్పుడల్లా బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "అమ్మా, నేనెవర్నో చెప్పు" అనేవాడు. ఆమె తెల్లబోయి చూసేది. అతను కాసేపు చూసి, తల దించుకుని మెట్లు దిగిపోయేవాడు. ఇలా పరీక్షలు పెట్టొద్దని మేం అన్ని ఇళ్లలో చెబుతాం. జవాబు రాని ప్రశ్న రోగిని భయపెడుతుంది, అడిగినవాణ్ణి కుంగదీస్తుంది. చెప్పినా ఎవరూ వినరు. కన్నతల్లి నోట తన పేరు వినాలన్న ఆశ అంత తేలిగ్గా చావదు.

దసరా ముందు ఒక సాయంత్రం. బయట ముసురు. అందువల్లో ఏమో హాలు నిండా జనం ఉన్నారు. శీను మెట్లెక్కి వచ్చి, చెప్పుల వరస అవతల ఎప్పటిలా నిలబడ్డాడు. నేను ఆమె పక్కకు జరిగాను. ఇప్పుడు అడుగుతాడు, ఈమె బిక్కమొహం వేస్తుంది, సాయంత్రమంతా పాడవుతుంది. అతను నోరు తెరిచేలోపు సత్తమ్మే తలెత్తి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వెవల పిల్లగానివి బిడ్డా?"

మాధవి వంటింటి గుమ్మంలో కొయ్యబారి నిలబడింది. శీను, "ఈ గల్లీ పిల్లగాన్నే అమ్మా" అన్నాడు.

"అయితే ఆడ నిలవడ్డవెందుకు? తడిసినవ్. చెప్పులిడిచి లోపలికి రా." అతను వంగి బూట్ల తాళ్లు విప్పుకుంటుంటే అతని తడి తల మీద కొంగుతో ఒకసారి తుడిచింది. "ముందల కూసో. మా శీనుగాని పక్కన జాగుంటది. జర జరుగుమను వాన్ని. ఏమనడు, మంచోడు."

అతను లోపలికి వచ్చి పిల్లల వరసలో, తెరకు దగ్గరగా, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంచాడు. అతని భుజాలు కదులుతుండటం మేమంతా వెనకనుంచి చూస్తూనే ఉన్నాం. కామేశ్వరి గారు పత్తిలోకి తల దించుకున్నారు. కాసేపటికి అతను వెనక్కి తిరగకుండానే అడిగాడు, "అమ్మా, బొమ్మ మంచిగొచ్చిందా?"

గడపలోంచి, టీవీకి వీపు పెట్టి, చెప్పులు చూసుకుంటూనే సత్తమ్మ జవాబు చెప్పింది.

"నాకేమెర్క. అందరైతే ఒచ్చిన్రు."

హోం మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. శీను దుకాణం సాయంత్రాలు పనివాడికి అప్పగించి రోజూ వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. నేనెవరిని అని మళ్లీ అడగలేదు. ఆ ఇంట్లో నా అవసరం కొన్ని నెలలకు తగ్గిపోయింది, వేరే కేసుకు మారాను. నా పనికి అంతకన్నా మంచి ముగింపు ఉండదు.

మేం మొదటిరోజు కేస్ హిస్టరీ రాసుకుంటాం. ఏ జబ్బు, ఏ మందు, ఎప్పుడు పడ్డారు, ఏం తింటారు. ఇప్పుడు నేను దానికి ఇంకో ప్రశ్న కలిపాను. పొద్దు వాలే వేళకు ఈ ఇంట్లో ఎవరెవరు వచ్చేవాళ్లు, ఈమె ఎక్కడ కూర్చునేది? చాలామంది నవ్వుతారు. కొందరు ఆలోచనలో పడతారు. ఆ ప్రశ్నకన్నా ముందు ఇంకో పని చేస్తాను. సంచీ దించకముందే, బీపీ మిషను తీయకముందే, గుమ్మం బయట నా చెప్పులు విడుస్తాను, లోపలున్న మనిషికి కనబడేలా.